గుంబజుల దగ్గర ఒక పూట

(కుతుబ్ షాహీ సమాధుల సందర్శనకు ముందురోజు సాయంత్రం, హైదరాబాదులో కొందరు చరిత్రాభిమానుల ముందు చేసిన ప్రసంగం. మాటల్లో దొర్లిన పునరుక్తులు తీసేసి ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం.

రేపు పొద్దున మీరంతా గోల్కొండ దగ్గర కుతుబ్ షాహీ సమాధులకు, అంటే గోల్కొండను ఏలిన సుల్తానుల సమాధులకు వెళ్తున్నారు. అక్కడ ఏమేం చూడాలో చెప్పమని నన్ను పిలిచారు. చూడాల్సినవి బోర్డుల మీద రాసే ఉంటాయి, ఫోన్లోనూ దొరుకుతాయి. దానికోసం మీ సాయంత్రం పాడుచేయడం ఎందుకు? నేను చెప్పాలనుకున్నది ఒకటే. అది శ్మశానం. ఆ సంగతి మనసులో పెట్టుకుని వెళ్తే అక్కడ గడిపే రెండు మూడు గంటలు ఒక రకంగా ఉంటాయి. మర్చిపోయి వెళ్తే ఇంకో రకంగా ఉంటాయి.

మామూలుగా ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఊరినుంచి చుట్టాలొస్తారు. పొద్దున చార్మినార్, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం గోల్కొండ కోట. కోట దిగాక కాళ్లు లాగుతుంటే, ఆటో అతను 'సెవెన్ టూంబ్స్ కూడా చూపిస్తా సార్' అంటాడు. గేటు మూసే టైముకి అరగంట ముందు లోపలికెళ్లి, పెద్ద గుమ్మటం ముందు నిలబడి ఫోటో దిగి వచ్చేస్తారు. పిల్లలు అడిగితే 'రాజుల సమాధులు' అని చెప్తారు. ఏ రాజులు, ఎవరి పక్కన ఎవరు, ఎందుకు అన్నది ఎవరికీ పట్టదు. వాళ్లను తప్పు పట్టడం లేదు. కోట ఎక్కి దిగినవాడికి గోరీల మధ్య నిలబడే ఓపిక ఎక్కడుంటుంది? అందుకే మీ నిర్వాహకులకు ముందే చెప్పాను: రెండూ ఒకే రోజు పెట్టకండి, కోట ఇంకోసారి చూద్దురు గాని అని.

శ్మశానానికి మనశ్శాంతి కోసం వెళ్లడం మనలో చాలామందికి అలవాటు లేని పని. ఎవరైనా పోతే వెళ్తాం, వచ్చి తలమీద నీళ్లు పోసుకున్నాకే ఇంట్లో అడుగుపెడతాం. కానీ మన ఊళ్లలోనే వేరే అలవాట్లు కూడా ఉన్నాయి. నవంబరు 2న క్రైస్తవుల సమాధుల తోటలకు వెళ్లి చూడండి. సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి కుటుంబాలు పక్కనే కూర్చుంటాయి. షబ్ ఎ బరాత్ రాత్రి హైదరాబాదు ఖబ్రస్తాన్లన్నీ దీపాలతో వెలుగుతాయి. తండ్రులు చిన్నపిల్లల్ని వేలు పట్టుకుని తీసుకొచ్చి, 'ఇది మీ తాతది' అని చూపిస్తారు. తెలంగాణలో పెత్రామాసకు పెద్దల పేరున బియ్యం ఇస్తాం. పోయినవాళ్ల దగ్గరికి బతికున్నవాళ్లు వెళ్లి పలకరించి రావడం అందరికీ ఉన్నదే, పద్ధతులే వేరు.

ఇస్లాంలో ఈ పలకరింపును జియారత్ అంటారు. మొదట సమాధుల దగ్గరికి వెళ్లవద్దని వారించిన ప్రవక్త, తర్వాత వెళ్లమనే చెప్పారని హదీసుల్లో, అంటే ప్రవక్త మాటల సంకలనాల్లో ఉంది. అవి పరలోకాన్ని గుర్తుచేస్తాయి కాబట్టి వెళ్లమన్నారు. అక్కడికి వెళ్లినవాళ్లు ఏమనాలో కూడా ఉంది. ఈ ఇళ్లలో ఉన్న విశ్వాసులారా, మీకు శాంతి కలుగుగాక, దేవుడు తలిస్తే మేమూ వచ్చి మీతో కలుస్తాం అని. ఆ రెండో సగాన్ని నేను చాలాసార్లు తలుచుకుంటాను. 'మీరు పోయారు, అయ్యో' అనడం లేదు. 'మేమూ వస్తున్నాం' అంటున్నారు. సుల్తాను గోరీ ముందు నిలబడినా, పేరు తెలియని పనివాడి గోరీ ముందు నిలబడినా అనాల్సిన మాట ఇదే. ఇందులో రాజుకు వేరే మర్యాద ఏమీ లేదు.

ఆ మాట అక్కడి కట్టడాలతో పొసగదని మీకు వెంటనే అనిపిస్తుంది. పొసగదు, నిజమే. సాదా మట్టిగోరీయే మంచిదని మత పెద్దలు చెప్తూనే వచ్చారు, రాజులు ఇంత ఎత్తు గుమ్మటాలు కడుతూనే వచ్చారు. హైదరాబాదు కట్టిన మహమ్మద్ కులీ సమాధి శిఖరంతో కలిపి 40 మీటర్లు దాటుతుంది. ఈ గొడవ ఇక్కడే కాదు, ముస్లిం రాజులు ఏలిన ప్రతిచోటా ఉన్నదే. దాన్ని మనం తేల్చాల్సిన పని లేదు. కానీ లోపలికి వెళ్లాక ఒకటి గమనించండి. గుమ్మటం కింద నల్లగా నున్నగా మెరిసే రాతి సమాధి కనిపిస్తుంది కదా, మనిషి ఉన్నది అందులో కాదు. అది గుర్తు మాత్రమే. అసలు గోరీ దానికి సరిగ్గా కిందుగా, నేలమాళిగలో ఉంటుంది. మహమ్మద్ కులీ సమాధి దగ్గర ఇది బాగా తెలుస్తుంది. పైన అంత వైభవం, కింద మట్టిలో అందరిలాగే పడమటికి ముఖం తిప్పి పడుకున్న మనిషి. మక్కా మనకు పడమర కాబట్టి ఇక్కడి గోరీలన్నీ ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. తల ఉత్తరానికి, ముఖం పడమటికి. గుమ్మటాలు పెద్దవీ చిన్నవీ ఉన్నాయి గాని, ఈ దిక్కు మాత్రం ఎవరికీ మారలేదు.

ఇక రేపటి దారి. మొత్తం 106 ఎకరాలు. నలభై దాకా సమాధి మందిరాలు, ఇరవైకి పైగా మసీదులు, మెట్ల బావులు, తోట కట్టడాలు. అన్నీ చూడాలని పెట్టుకోకండి. నా మాట వింటే నాలుగైదు చోట్ల ఆగండి, అందులో ఒకచోట గట్టిగా అరగంట కూర్చోండి.

మొదట హమామ్‌కి వెళ్లండి. చాలామంది దాన్ని ఆఖరికి వదిలేస్తారు, లేదా 'రాజుల స్నానాల గది' అనుకుని నవ్వుకుంటారు. అది రాజు బతికుండగా చేసే స్నానం కోసం కట్టింది కాదు. ఆఖరి స్నానం అక్కడే. రాజకుటుంబంలో ఎవరు పోయినా ఇక్కడికి తెచ్చి, గుస్ల్ అనే ఆ స్నానం చేయించి, కఫన్ అనే బట్ట చుట్టి, అప్పుడు ఖననానికి తీసుకెళ్లేవారు. మధ్యలో పన్నెండు కోణాల రాతి తిన్నె ఉంటుంది. వేడినీళ్లకీ చన్నీళ్లకీ వేర్వేరు తొట్లు, గోడల్లో నీటి గొట్టాలు, కప్పులో వెలుతురు కోసం రంధ్రాలు. రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీ కాలం నాటిదంటారు. కొత్త రాజ్యం కడుతున్న మనిషి కోటతోపాటు శవాలు కడిగే గది కూడా కట్టించుకున్నాడంటే, ఆ ముందుచూపుకి నాకు కొంచెం భయం కూడా వేస్తుంది. ఆ తిన్నె పక్కన రెండు నిమిషాలు నిలబడ్డాక బయటికొచ్చి గుమ్మటాల వైపు చూస్తే, అవి వేరేగా కనిపిస్తాయి.

అక్కడినుంచి సుల్తాన్ కులీ సమాధికి వెళ్లండి. చిన్నది, పెద్ద ఆర్భాటం లేనిది. బ్రతికుండగానే కట్టించుకున్నాడు. ఇరాన్ ప్రాంతం నుంచి వచ్చి బహమనీల కొలువులో పెరిగి, తెలంగాణకు అధికారిగా వచ్చి, చివరికి సొంత రాజ్యం నిలబెట్టుకున్న మనిషి. నల్లరాతి మీద చెక్కిన రాతలో అతని బిరుదులతో పాటు 'బడే మాలిక్' అన్న పిలుపు కూడా ఉంది. అంటే పెద్ద దొర. జనం నోట్లో ఉన్న పిలుపును గోరీ మీద చెక్కారన్నమాట. పొడుగాటి అరబీ బిరుదుల కంటే నాకు అదే ఎక్కువ నచ్చుతుంది.

అతని చావు సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1543లో, ముసలితనంలో, ప్రార్థన చేస్తుండగా హత్య జరిగింది. చేయించింది కొడుకు జంషీద్. పెద్దన్నకు కళ్లు పొడిపించాడు. తమ్ముడు ఇబ్రహీం పారిపోయి విజయనగరంలో తలదాచుకున్నాడు. జంషీద్ ఏడేళ్లు ఏలి, జబ్బుచేసి 1550లో పోయాడు. అతని కొడుకు సుభాన్ చిన్నపిల్లవాడు. గద్దెనెక్కాడు అనేలోపే కథ అయిపోయింది. చరిత్ర పుస్తకాల్లో ఇది ఒక పేరా.

ఇప్పుడు అక్కడ నిలబడి చూడండి. తండ్రి సమాధి. కొద్ది దూరంలో, తండ్రిని చంపించిన కొడుకు సమాధి, ఎనిమిది పలకలుగా, రెండంతస్తుల్లా కనబడే కట్టడం. ఆ రెంటి మధ్య పసివాడు సుభాన్‌ది అని చెప్పే సమాధి. తాత పెద్ద మాలిక్ కదా, వీణ్ని జనం 'ఛోటే మాలిక్' అన్నారు. జంషీద్ గోరీ మీద శాసనం లేదు. ఎందుకు లేదో పుస్తకాలు రకరకాలుగా ఊహిస్తాయి. వాటిలోకి వెళ్లను. కానీ బిరుదులు, ఖురాన్ వాక్యాలు చెక్కిన రాళ్లను చూస్తూ వచ్చి ఆ ఉత్త రాయి ముందు ఆగితే మనసులో ఏదో ఒకటి కదులుతుంది. చంపినవాణ్నీ చచ్చినవాణ్నీ ఒకే కుటుంబం ఒకే తోటలో పూడ్చుకుంది. ఇంట్లో ఆస్తి గొడవలతో పదేళ్లుగా అన్నదమ్ములతో మాటల్లేనివాళ్లు ఎవరైనా ఇక్కడుంటే (నవ్వులు), చేతులెత్తమనడం లేదు లెండి, కాసేపు అక్కడ కూర్చోండి అంటున్నాను.

ఇంకో సంగతి. సుల్తాన్ కులీ సమాధి లోపల మూడు గోరీలు, చుట్టూ అరుగు మీద 21 గోరీలు ఉన్నాయి. రాత ఉన్నది రాజుది ఒక్కదానికే. మిగిలిన వాళ్లెవరో మనకు తెలియదు. చుట్టాలో, రాణులో, పిల్లలో. రాజు పక్కన చోటు దొరికేంత దగ్గరివాళ్లే అయినా పేరు మిగల్లేదు. చాలామంది వాటిని దాటుకుంటూ, ఒక్కోసారి వాటి మీదే బ్యాగులు పెట్టి ఫోటోలు తీసుకుంటారు. మీరు అలా చేయరని నాకు నమ్మకం.

ఇబ్రహీం సమాధి దగ్గరికి వద్దాం. మీరు అరగంట కూర్చునేది ఎక్కడో ఎంచుకోమంటే నేను దీన్నే చెప్తాను. తెలుగువాళ్లకు ఇతనితో ప్రత్యేకమైన చుట్టరికం ఉంది. విజయనగరంలో అళియ రామరాయల దగ్గర ఏడేళ్లు ఉన్నాడు. అక్కడే మన భాష రుచి మరిగాడు. తర్వాత గోల్కొండ గద్దెనెక్కి 30 ఏళ్లు ఏలాడు. మన కవులు ఇతన్ని 'మల్కిభరాము'డన్నారు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఇతనికే అంకితమిచ్చాడు. ఇతని అధికారి అమీన్ ఖాన్ పటాన్‌చెరులో ఉండేవాడు. పొన్నిగంటి తెలగన్న మొదటి అచ్చతెలుగు కావ్యాన్ని ఆ అమీన్ ఖాన్‌కి అంకితమిచ్చాడు. సంస్కృతం మాట ఒక్కటి దొర్లకుండా తెలుగు రాయాలన్న పంతం మొదట పుట్టింది ఒక ముస్లిం అధికారి నీడలో. ఇది చెప్తే ఇప్పటికీ కొందరు నమ్మరు. హుస్సేన్ సాగర్ కూడా ఇతని కాలంలో తవ్విందే.

ఇంతవరకు బాగుంది. సభల్లో మేం ఇక్కడితో ఆపేస్తాం, చప్పట్లు పడతాయి. కానీ ఇదే ఇబ్రహీం 1565లో బీజాపూర్, అహ్మద్‌నగర్, బీదర్ సుల్తానులతో కలిసి రామరాయల మీదికి యుద్ధానికి వెళ్లాడు. రాక్షసి తంగడి దగ్గర రామరాయల తల తెగింది. విజయనగరం కొల్లబోయింది. అన్నం పెట్టిన ఇంటి మీదికే కత్తి దూశాడు. రాజకీయంగా ఎన్ని కారణాలైనా చెప్పొచ్చు. రామరాయలు మధ్యలో గోల్కొండను ఎంత ఇబ్బంది పెట్టాడో, ఏ కోటలు లాక్కున్నాడో లెక్కలన్నీ ఉన్నాయి. నేనూ క్లాసుల్లో చెప్పినవే. ఆ గోరీ ముందు కూర్చుంటే మాత్రం ఆ కారణాలు నాకు సరిపోవు. తెలుగు పద్యం విని తలూపినవాడూ ఇతనే, తంగడి మైదానంలో సైన్యాన్ని నిలబెట్టినవాడూ ఇతనే. ఇద్దర్నీ కలిపి ఒకే మనిషిగా ఒప్పుకోవడానికి నాకు అక్కడ చాలా సేపు పట్టింది. ఆ సమాధి దక్షిణపు గోడ మీద రంగు పలకల ఆనవాళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి, చూడండి. ఒకప్పుడు ఈ గుమ్మటాలు నీలం, ఆకుపచ్చ, పసుపు రంగులతో మెరిసేవి.

దాని దగ్గర్లోనే, ప్రహరీ బయట, నేక్‌నామ్ ఖాన్ అనే సేనాని సమాధి ఉంది. పెద్ద కట్టడమేం కాదు. కానీ అక్కడున్న శాసనం చూడాలి. ఈ సమాధి ఖర్చులకు ఒక గ్రామం ఆదాయం ఇస్తున్నామని సుల్తాన్ ఇచ్చిన ఫర్మానా అది. దీపానికి నూనె కావాలి, ఖురాన్ చదివేవాళ్లకు జీతం ఇవ్వాలి, వచ్చిన పేదలకు అన్నం పెట్టాలి. పోయినవాళ్లను గుర్తుపెట్టుకోవడం అంటే ఖర్చే కదా. ఆ ఖర్చును ఎవరో ఒక ఊరి రైతులు శిస్తు రూపంలో కట్టారు.

ఆ కాలంలో ఇక్కడ ఎలా ఉండేదో విదేశీ యాత్రికులు రాసిపెట్టారు. 1660లలో వచ్చిన ఫ్రెంచివాడు తెవెనో చూసి రాశాడు, సాయంత్రం నాలుగు గంటల వేళ పేదలకు రొట్టె, పులావు పంచేవారని. సమాధుల మీద తివాచీలు, ముఖమల్ చాందినీలు, పీఠాల మీద ఖురాన్లు, వంతులవారీగా చదివేవాళ్లు. నేరం చేసినవాడు పారిపోయి వచ్చి ఇక్కడ తలదాచుకుంటే వదిలేసేవారని కూడా చెప్తారు. మనం రేపు చూసే ఖాళీ గదులు అప్పుడు ఖాళీగా లేవు. అక్కడి ప్రశాంతత అన్నం వాసన, చదువు గొంతులు ఉన్న ప్రశాంతత. ఇప్పుడున్న నిశ్శబ్దం రాజ్యం పోయాక వచ్చింది. 1687 ముట్టడిలో ఔరంగజేబు సైన్యం ఈ సమాధుల మధ్యే గుడారాలు వేసిందట. ఆ తర్వాత దాదాపు 200 ఏళ్లు పిచ్చిమొక్కలు. పంతొమ్మిదో శతాబ్దంలో నిజాం ప్రధానమంత్రి మొదటి సాలార్ జంగ్ పూనుకుని మరమ్మతులు చేయించి, తోట వేయించి, గోడ కట్టించాడు.

ఇటీవలి పని మీకందరికీ తెలుసు. ఆగాఖాన్ ట్రస్టు ఫర్ కల్చర్, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి 2013లో మొదలుపెట్టి పదేళ్లకు పైగా చేశారు, 2024లో పూర్తయింది. మధ్యలో ఎవరో పూసిన సిమెంటు గీకేసి, మళ్లీ సున్నపు గచ్చు చేయించారు. బెల్లం, మారేడు గుజ్జు కలిపిన పాతకాలపు సున్నం. వానలకు కూలిపోయిన బడీ బావిని రాయి రాయీ ఎత్తి మళ్లీ కట్టారు. గోల్కొండ మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు కూడా వచ్చింది.

దీని మీద ఒక ఫిర్యాదు తరచూ వింటాను. 'పాతగా, నల్లగా, నాచు పట్టి ఉన్నప్పుడే బాగుండేది సార్, ఇప్పుడు కొత్తింటికి సున్నం కొట్టినట్టుంది' అని. నాకు ఈ ఫిర్యాదుతో పేచీ ఉంది. ఆ నలుపు వాన నీళ్లు కారి పట్టింది, కట్టినవాళ్లు పెట్టింది కాదు. శిథిలం చూస్తే మనకు కవిత్వం వస్తుంది గాని, మన తాతగారి సమాధి బీటలు వారితే ఎంత అందంగా ఉందో అనుకుంటామా? మేస్త్రీని పిలుస్తాం. ఒక్క మాట మాత్రం ఒప్పుకుంటాను, కొత్త గచ్చు ఎండలో కళ్లు జిగేల్మనిపిస్తుంది. పొద్దున్నే వెళ్లండి, లేదా పొద్దువాలేటప్పుడు వెళ్లండి.

మహమ్మద్ కులీది అన్నిటికంటే పెద్దది. హైదరాబాదు కట్టినవాడు, దక్కనీలో కవిత్వం రాసినవాడు, 1612లో పోయాడు. మీరందరూ ఎలాగూ అక్కడ ఆగుతారు, నేను వేరే చెప్పక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది అతని కూతురు గురించి. హయాత్ బక్షీ బేగం. ఒక సుల్తాను కూతురు, ఒక సుల్తాను భార్య, ఒక సుల్తాను తల్లి. కొడుకు అబ్దుల్లా చిన్నతనంలో గద్దెనెక్కితే వెనక ఉండి నడిపించింది. ప్రజలు మా సాహెబా అనేవారు. మాసాబ్ ట్యాంక్ ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర మనం రోజూ తిట్టుకునేది ఆమె పేరు మీదున్న చెరువు చోటే. హయత్‌నగర్ కూడా ఆమె పేరే. 1667లో పోయింది. ఆమె సమాధి రాజుల సమాధులకు ఏమాత్రం తీసిపోదు. పక్కనే పెద్ద మసీదు ఉంది. స్త్రీకి ఇంత పెద్ద గుమ్మటం కట్టిన చోట్లు మన దేశంలో ఉన్నాయి గాని, వాటిలో చాలావరకు భర్త ప్రేమతో కట్టించినవి. ఇది ఆమె తన అధికారంతో సంపాదించుకున్న చోటు అని నేను అనుకుంటాను.

అక్కడే తారామతి, ప్రేమామతి సమాధులు. అబ్దుల్లా కొలువులో కళాకారిణులు. ఆస్థాన వైద్యులైన ఇద్దరు హకీములకు జంట సమాధులు. రాజకుటుంబం తోటలో నర్తకికీ వైద్యుడికీ చోటివ్వడం చిన్న విషయం కాదు.

ఇంతకీ జనం 'సెవెన్ టూంబ్స్' అంటారు కదా. గోల్కొండను ఏలిన సుల్తానులు సుభాన్‌తో కలిపి ఎనిమిది మంది. ఇక్కడున్నది ఏడుగురు. ఎనిమిదోవాడు లేడు.

అతను తానీషా. రామదాసు కథ వల్ల మన ఇళ్లలో అందరికంటే ఎక్కువ తెలిసిన సుల్తాను. గుమ్మటం పూర్తికాని ఒక కట్టడాన్ని చూపించి, అది తానీషా తనకోసం మొదలుపెట్టుకున్నదని చెప్పుకుంటారు. తర్వాత అందులో వేరేవాళ్లను పూడ్చారు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత లోపలివాడే ద్వారం తెరిచాడు. మొగల్ అధికారులు పట్టుకోవడానికి వస్తే, తానీషా కంగారు పడకుండా భోజనం తెప్పించుకుని, వచ్చినవాళ్లను కూడా తినమన్నాడని ఆ కాలపు పర్షియన్ చరిత్రకారుడు రాశాడు. దౌలతాబాద్ కోటలో ఖైదీగా ఏళ్లు గడిపి అక్కడే పోయాడు. దగ్గర్లోని ఖుల్దాబాద్‌లో పూడ్చారు.

కొన్నేళ్లకే, 1707లో, ఔరంగజేబు కూడా పోయాడు. అతన్ని పూడ్చింది కూడా ఖుల్దాబాద్‌లోనే, ఒక సూఫీ దర్గా ఆవరణలో. పైన గుమ్మటం లేదు, కప్పు లేదు, మట్టిగోరీ మీద మొక్కలు. అలా ఉండాలని అతనే కోరుకున్నాడు. 1748లో మొదటి నిజాం పోయాడు. అతనిదీ ఖుల్దాబాదే. గోల్కొండ పోగొట్టుకున్నవాడు, గెలుచుకున్నవాడు, ఆ తర్వాత ఆ నేలను ఏలినవాడు, ముగ్గురూ ఒకే చిన్న ఊళ్లో. ఆ నిజాం తాత కిలీచ్ ఖాన్ మాత్రం ఇక్కడే మిగిలిపోయాడు. గోల్కొండ ముట్టడిలో ఫిరంగి గుండుకు చెయ్యి పోయి చచ్చిపోయాడు. సమాధి హిమాయత్‌సాగర్ దగ్గర ఉంది. మనవడికి రాజ్యం దొరికిన ఊరి పక్కన తాతకి గోరీ దొరికింది. రేపు ఆ పూర్తికాని కట్టడం చూసినప్పుడు ఇదంతా గుర్తుకు తెచ్చుకుంటారనే ఇంత చెప్పాను.

ఎలా మెలగాలి అన్నది క్లుప్తంగా. లోపలి గదుల్లోకి చెప్పులతో వెళ్లకండి. గోరీల మీద కూర్చోవడం, దాటడం, ఆనుకోవడం వద్దు. ఒక గొప్ప ఇబ్బంది ఉంది, గుమ్మటం కింద ప్రతిధ్వని. కోటలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కోట పైనున్న బాలాహిసార్‌లో వినిపిస్తుందని అందరూ కొట్టి వచ్చి ఉంటారు, ఆ అలవాటులో ఇక్కడా కొడతారు. 'ఓయ్' అని అరుస్తారు. మీరు కొట్టకండి. ఎవరైనా కొడుతుంటే కాసేపు బయట అరుగు మీద కూర్చోండి, వాళ్లు తొందరగానే వెళ్లిపోతారు. గోడల మీద గుండె బొమ్మలు, పేర్లు గీసినవాళ్ల సంగతి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది కాబట్టి వదిలేస్తున్నాను. (నవ్వులు) ప్రీ వెడ్డింగ్ షూట్లు ఉంటే వాళ్లతో గొడవ పెట్టుకోవద్దు. పెళ్లి కాబోయే జంట చావు గుర్తుచేసే చోట నవ్వుతూ ఫోటో దిగడంలో తప్పు నాకు పెద్దగా కనబడదు. మైకు, పాటలు పెడితేనే చిరాకు.

ఎవరో అడుగుతున్నారు... ఆఁ, చెప్పండమ్మా.

(ప్రశ్న: మేం హిందువులం. అక్కడ దండం పెట్టొచ్చా? పెట్టకపోతే అమర్యాదా?)

మంచి ప్రశ్న. అవి రాజుల సమాధులు, దర్గాలు కావు. దర్గాలో పూలచాదర్ కప్పుతారు, మొక్కుకుంటారు, మనవాళ్లూ వెళ్తారు. సుల్తానుల గోరీలకు ఎవరూ మొక్కుకోరు. ముస్లింలు వస్తే చేతులు పట్టి ఫాతెహా చదువుతారు, అంటే పోయినవాడి కోసం దేవుణ్ని అడుగుతారు. పోయినవాణ్ని అడగడం కాదు. కాబట్టి మీరు దండం పెట్టి తీరాలని ఏమీ లేదు. పెద్దవాళ్లు కదా అని చేతులు జోడించాలనిపిస్తే జోడించండి, ఎవరూ ఏమీ అనరు. పక్కన ఎవరైనా ఫాతెహా చదువుతుంటే అయ్యేదాకా మాట్లాడకుండా ఆగితే చాలు. తలమీద కొంగు కప్పుకుంటే మర్యాదగా ఉంటుంది, తప్పనిసరి మాత్రం కాదు.

(ప్రశ్న: ఇంకేమైనా చూడాలంటే?)

అదే రోజు వద్దు. ఇంకో ఆదివారం పాతబస్తీలో మీర్ మోమిన్ దాయిరా అనే శ్మశానానికి వెళ్లండి. మీర్ మోమిన్ మహమ్మద్ కులీకి పీష్వా, అంటే ప్రధానమంత్రి, హైదరాబాదు నగరానికి ప్లాను గీసినవాడని చెప్పుకునే మనిషి. కర్బలా నుంచి మట్టి తెప్పించి ఆ నేలలో కలిపించాడని అంటారు. రాజుల తోట కాదది, మామూలు జనం శ్మశానం. ఇప్పటికీ మనుషుల్ని తీసుకొస్తూనే ఉంటారు కాబట్టి అక్కడ కెమెరా అసలు తీయకండి. సాలార్ జంగ్ కుటుంబం వాళ్ల గోరీలు కూడా అందులోనే ఉన్నాయి. ఊరికి ప్లాను గీసినవాడు ఎక్కడ ఉన్నాడో అడిగితే అక్కడి పెద్దవాళ్లే దారి చూపిస్తారు.

సరే, టీ వచ్చినట్టుంది. రేపటికి నీళ్ల సీసా, టోపీ మర్చిపోకండి. లోపల నడక బాగానే ఉంటుంది, కొత్త చెప్పులు వేసుకోకండి.